చెప్పుకోలేని జబ్బేం కాదు!

తలనొప్పి వస్తే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. మోకాళ్ల నొప్పులైతే పక్కింటావిడతో కూడా చెప్పుకుంటాం. 'నాకు సుగరండీ' అంటూ పెళ్లి భోజనాల్లో లడ్డూ పక్కన పెట్టేయడం ఇప్పుడెవరికీ నామోషీ కాదు. కానీ 'విరేచనంలో రక్తం పడుతోంది' అన్న మాట మనలో ఎంతమందిమి చెప్పగలం? కన్నతల్లికి చెప్పాలన్నా సిగ్గే. డాక్టరు దగ్గరికి వెళ్లినా, 'కడుపులో నొప్పండీ' అని మొదలుపెట్టి, 'నీరసంగా ఉంటోందండీ' అని ముగించి, అసలు సంగతి మింగేసి వచ్చేస్తాం.

అలా మింగేసిన మాట వెనక ఒక్కోసారి జీవితాంతం వెంట ఉండే జబ్బు దాక్కుని ఉంటుంది. దాన్ని మనవాళ్లు పేగుపూత అంటారు. డాక్టర్లు ఐబిడి అని పొట్టిగా పిలుస్తారు.

నేను డాక్టర్ని కాను. బి.ఏ. చదివి, ఇల్లు చూసుకుంటూ, తీరిక దొరికినప్పుడు కథలు రాసుకునేదాన్ని. ఈ జబ్బు గురించి నాకు నాలుగు ముక్కలు తెలిశాయంటే అది మా ఆడపడుచు వల్ల. 'నా పేరు రాయకుండా మిగతాదంతా రాయి వదినా, ఎవరికైనా పనికొస్తుంది' అని తనే అంది.

'వేడి చేసిందిలే!'

2012లో ఆమె బి.ఇడి. చదువుతోంది. ఉన్నట్టుండి సన్నబడటం మొదలుపెట్టింది. 'పరీక్షల బెంగ' అన్నారు మా అత్తగారు. మొహం పాలిపోతే 'నెలసరి ఎక్కువవుతోందేమో' అన్నారు. కడుపులో మెలిపెడుతోందంటే 'వేడి చేసింది, సబ్జా గింజలు నానబెట్టి తాగు' అన్నారు. ఆవిడ ప్రేమతోనే అన్నారు. మనందరి ఇళ్లలోనూ మొదట వినిపించే మాటలు ఇవే కదా!

ఒకరోజు పెరట్లో బట్టలారేస్తుంటే నా పక్కకొచ్చి, 'వదినా, నీకొక్కదానికే చెబుతా. అమ్మతో అనకు. రోజుకి ఆరేడుసార్లు వెళ్లాల్సొస్తోంది. రక్తం, జిగురు పడుతున్నాయి. రాత్రుళ్లు కూడా లేవాల్సొస్తోంది' అంది. ఎన్నాళ్ల నుంచి అనడిగితే, 'ఎనిమిది నెలలు' అంది!

ఈలోగా తను ఊరుకోలేదు. మందుల షాపులో చెబితే బంక విరేచనాలని మాత్రలిచ్చాడు. నాలుగు రోజులు తగ్గినట్టే ఉండి మళ్లీ మొదలు. ఇంకెవరో మొలలన్నారు. మొలల మందు మూడు నెలలు వాడింది. చివరికి మా వారితో చెప్పి విజయవాడలో పేగుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి 2013 వచ్చేసింది. రక్తపరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఏడు. కొలనోస్కోపీ చేశాక డాక్టరుగారు ఒక బొమ్మ గీసి చూపించి, 'అల్సరేటివ్ కొలైటిస్' అన్నారు. ఆ పేరు వినడం మా ఇంట్లో అందరికీ అదే మొదటిసారి.

లోపల జరిగేదేమిటి?

నోరు పూసినప్పుడు ఎలా ఉంటుందో మనకు తెలుసు. ఎర్రగా, పుండుపుండుగా, కారం తగిలితే ప్రాణం పోయినట్టుంటుంది. దాదాపు అలాంటిదే పేగు లోపలి పొరమీద జరిగితే అది పేగుపూత. అయితే నోటిపూత వారం పది రోజుల్లో దానంతటదే మానుతుంది. ఇది అలా మానదు. కొన్నాళ్లు అణిగి ఉంటుంది, మళ్లీ పైకి లేస్తుంది.

ఇందులో ముఖ్యంగా రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం. మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది, పేగు లోపలి పొరనే పట్టుకుంటుంది. అందుకే రక్తం, జిగురు, మాటిమాటికీ పరుగెత్తాల్సి రావడం దీని లక్షణాలు. రెండోది క్రోన్స్ జబ్బు. 1932లో న్యూయార్కులో బరిల్ క్రోన్ అనే డాక్టరూ, ఆయనతోటివాళ్లూ దీన్ని వివరంగా రాశారు కాబట్టి ఆ పేరొచ్చింది. ఇది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. చిన్నపేగు చివర ఎక్కువగా వస్తుంది. పేగు గోడ మొత్తం లోతుగా దెబ్బతింటుంది. పేగు సన్నబడి తిన్నది అడ్డుపడటం, మలద్వారం దగ్గర చీముగడ్డలు, రంధ్రాలు పడటం లాంటివి ఇందులో ఎక్కువ.

ఎందుకొస్తుందంటే ఒక్క కారణం చెప్పలేం. మన ఒంట్లో రోగాలతో పోరాడే రక్షణ వ్యవస్థ ఉంది కదా, అది దారితప్పి మన పేగు మీదకే తిరగబడుతుంది. పుట్టుకతో వచ్చిన జన్యువులు కొంత, పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల్లో మార్పులు కొంత, మారిన తిండీ బతుకుతీరూ కొంత కారణమంటారు. ఒకప్పుడు ఇది తెల్లవాళ్ల దేశాల జబ్బనుకునేవారు. ఇప్పుడు మన దేశంలోనూ, పల్లెల్లో కూడా కనిపిస్తోంది. ఎక్కువగా పదిహేను నుంచి ముప్పై అయిదేళ్ల లోపు బయటపడుతుంది. అంటే చదువు, పెళ్లి, పిల్లలు... సరిగ్గా ఆ వయసులోనే!

మూడు సంగతులు మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఇది అంటువ్యాధి కాదు. ఒకే కంచంలో తిన్నా రాదు. కారం తిన్నందువల్లో, బెంగపెట్టుకున్నందువల్లో పుట్టే జబ్బు కాదు. బెంగ వల్ల బాధ ఎక్కువ కావచ్చు గానీ, 'నువ్వు ఊరికే ఆలోచిస్తావు, అందుకే వచ్చింది' అని రోగిని దెప్పడం అన్యాయం.

మొలలా? టిబినా? ఇదా?

రక్తం పడగానే మొలలని మనమే తీర్మానించుకోకూడదు. మొలల్లో సాధారణంగా విరేచనం అయ్యాక ఎర్రటి రక్తం చుక్కలుగా పడుతుంది. పేగుపూతలో రక్తం జిగురుతో, విరేచనంతో కలిసి ఉంటుంది. రోజుకు చాలాసార్లు వెళ్లాలి, వెళ్లొచ్చినా ఇంకా ఉందనిపిస్తుంది. ఇది ఇంట్లో పోల్చుకోవడానికి మాత్రమే. తేల్చాల్సింది డాక్టరే.

ఐబిఎస్ అని ఇంకొకటుంది. పేరు దగ్గరగా ఉన్నా జబ్బు వేరు. అందులోనూ కడుపునొప్పి, విరేచనాలు ఉంటాయి గానీ పేగులో పుండ్లుండవు. ఐబిఎస్ వల్ల రక్తం పడదు, బరువు తగ్గరు. రాత్రి నిద్రలోంచి లేపి పరుగెత్తించే విరేచనాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

మన దేశంలో ఇంకో చిక్కుంది. పేగులకు వచ్చే టిబి, క్రోన్స్ జబ్బు అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. కొలనోస్కోపీలో చూసినా, ముక్క తీసి పరీక్షించినా ఒక్కోసారి పోల్చుకోవడం కష్టం. అందుకే కొందరికి ముందు టిబి మందులు వాడి, పుండ్లు మానతాయో లేదో చూస్తారు. అలాంటప్పుడు 'ఈ డాక్టరుకేం తెలియదు' అని మధ్యలో వదిలేసి ఇంకో ఊరు వెళ్లిపోకండి. చూసిన కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టుకుని, చెప్పిన రోజుకి మళ్లీ చూపించుకోండి.

పరీక్షలంటే భయపడేవాళ్లకి ఒక మాట. మొదట రక్తం, మలం పరీక్షలు చేస్తారు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే పదార్థం ఎంతుందో చూస్తే పేగులో వాపు ఉందో లేదో అంచనా తెలుస్తుంది. కొలనోస్కోపీకి ముందు కడుపు ఖాళీ కావడానికి తాగించే మందే అసలు కష్టం. పరీక్షప్పుడు మత్తిస్తారు. మా ఆడపడుచు లేచి 'అయిపోయిందా!' అనడిగింది.

ఒక మహిళ చేతి చలవ

ఈ జబ్బు మందుల కథలో ఒక ఆడమనిషి ఉందంటే నాకెంత సంబరమేసిందో! స్వీడన్‌కి చెందిన డాక్టరు నానా స్వార్ట్స్. 1937లో ఆ దేశంలో ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరైన మొదటి మహిళ ఆవిడే. కీళ్లవాతం కోసమని సల్ఫాసలజీన్ అనే మందు తయారుచేయిస్తే, అది పెద్దపేగు పూతకు బాగా పనిచేస్తున్నట్టు ఆవిడే గమనించి 1940ల మొదట్లో ప్రకటించారు. ఆ మందు ఇప్పటికీ వాడుతున్నారు. దాని వారసురాలే మెసలమైన్. అల్సరేటివ్ కొలైటిస్ మరీ తీవ్రంగా లేనివాళ్లకి ముందుగా ఇచ్చేది ఇదే.

జబ్బు బాగా పైకి లేచినప్పుడు స్టిరాయిడ్లు ఇస్తారు. మంటను ఆర్పడానికి నీళ్లు కుమ్మరించినట్టు అవి గబగబా పనిచేస్తాయి. కానీ ఏళ్ల తరబడి వాడేవి కావు. మొహం ఉబ్బడం, సుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం లాంటివి వస్తాయి. అలాగని ఒక్కసారిగా మానెయ్యనూ కూడదు. డాక్టరు చెప్పిన లెక్కన మెల్లగా తగ్గించాలి. ఆ తర్వాత జబ్బును అణిచి ఉంచడానికి అజాథయోప్రిన్ లాంటి మాత్రలున్నాయి. వీటికి తరచు రక్తపరీక్ష చేయించుకుంటూ ఉండాలి.

వీటికీ లొంగకపోతే బయలాజిక్స్ అనే ఇంజెక్షన్లున్నాయి. క్రోన్స్ జబ్బుకు ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ను 1998లో అమెరికాలో అనుమతించారు. ఖరీదు ఎక్కువే. 2014లో మన దేశపు కంపెనీయే అడాలిముమాబ్ అనే మందుకు దీటైన రకం తయారుచేసి తక్కువ ధరకు తెచ్చింది. వీటిని మొదలుపెట్టే ముందు ఒంట్లో టిబి దాగి ఉందేమో తప్పనిసరిగా చూస్తారు. మందులకు లొంగనప్పుడు ఆపరేషన్ ఉంది. అల్సరేటివ్ కొలైటిస్‌లో పెద్దపేగు తీసేస్తే పేగులో జబ్బు తీరిపోతుంది. క్రోన్స్‌లో చెడిన భాగం తీసినా మరోచోట మళ్లీ రావచ్చు.

తగ్గిపోయిందిగా... ఇంకా మందులెందుకు?

అసలు నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఈ ప్రశ్నే.

మందులు మొదలుపెట్టిన మూడు నెలలకి మా ఆడపడుచు మామూలు మనిషైపోయింది. బుగ్గలు తేలాయి. 2015లో సంబంధం కుదిరింది. జబ్బు సంగతి అబ్బాయికి చెబుదామని నేనన్నాను. 'తగ్గిపోయిన జబ్బు గురించి ఇప్పుడెందుకమ్మా! వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు' అన్నారు పెద్దవాళ్లు. నా మాట ఎవరికీ ఎక్కలేదు.

అత్తవారింటికి వెళ్లేటప్పుడు మాత్రలు పట్టుచీరల మధ్య పెట్టుకుని వెళ్లింది. ఉమ్మడి కుటుంబం. గదిలోకి ఎప్పుడూ ఎవరో ఒకరు వస్తూనే ఉంటారు. పొద్దుటి మాత్ర మధ్యాహ్నమైంది. మధ్యాహ్నంది మరుసటి రోజుకెళ్లింది. బాధేం లేదు కదా అని పూర్తిగా మానేసింది. నాలుగు నెలలు బాగానే గడిచింది. అయిదో నెలలో రోజుకి పదిహేనుసార్లు రక్తవిరేచనాలు, జ్వరం! హైదరాబాదులో ఆస్పత్రిలో చేర్చి, రెండు సీసాల రక్తం ఎక్కించారు.

అక్కడి డాక్టరమ్మ చెప్పిన మాట నేను మర్చిపోలేను. 'బాధ లేకపోవడమంటే జబ్బు పోవడం కాదమ్మా. మందు కాపలా కాస్తోందని అర్థం. కాపలావాడిని పంపించేసి దొంగతనం జరిగిందని ఏడిస్తే ఎలా?' అంది.

అంతా విన్నాక ఆమె భర్త ఏమంటాడోనని అందరం బిక్కచచ్చిపోయాం. ఆయన నా వైపు తిరిగి, 'మా నాన్నకి ఇరవై ఏళ్లుగా సుగర్ చెల్లెమ్మా. రోజూ మాత్ర చేతిలో పెట్టేది మా అమ్మే. ఈ సంగతి ముందే చెబితే ఈమెకి నేను పెట్టేవాణ్ణి కదా!' అన్నాడు. దాచిపెట్టినందుకు కోపం లేదని కాదు. ఆ కోపం మా అత్తగారి మీద చాలాకాలం ఉంది కూడా. కానీ ఆ రోజు నుంచి మాత్రల డబ్బా చీరల మధ్య నుంచి వంటింట్లో గడియారం కిందికి వచ్చేసింది. ఇప్పటికీ అక్కడే ఉంది.

అందరు భర్తలూ ఇలాగే ఉంటారని నేననను. పెళ్లికి ముందు చెబితే సంబంధాలు తప్పిపోవడం నిజమే. అయితే చెప్పకుండా చేసిన పెళ్లిలో మొదట తప్పేది మందే అని మా ఇంట్లో చూశాం.

జపాన్ ప్రధానమంత్రిగా చేసిన షింజో అబెకి కూడా ఇదే జబ్బు. 2007లో ఆరోగ్యం బాగోక పదవి వదిలారు. తర్వాత మందులతో కోలుకుని 2012లో మళ్లీ ప్రధాని అయ్యారు. జబ్బు తిరగబెట్టడంతో 2020లో రాజీనామా చేస్తూ ఆ సంగతి దేశానికంతటికీ చెప్పారు. మరి మనం కట్టుకున్నవాడికి చెప్పడానికి ఎందుకు జంకాలి?

పథ్యం పేరుతో పస్తులొద్దు

కడుపు జబ్బనగానే మన ఇళ్లలో చారన్నం, మజ్జిగన్నం తప్ప మిగతావన్నీ బంద్. నెలల తరబడి అలా పెడితే, అసలే రక్తం పోయిన మనిషి ఇంకా చిక్కిపోతుంది. ఈ జబ్బుకి అందరికీ సరిపోయే ఒకే పథ్యం లేదు.

జబ్బు పైకి లేచిన రోజుల్లో పచ్చి కూరగాయలు, తొక్కలూ గింజలూ ఉన్నవి, పీచు ఎక్కువున్నవి, కారాలు, వేపుళ్లు తగ్గించి మెత్తటి అన్నం, పలచని పప్పు, ఉడికించిన గుడ్డు, అరటిపండు, ఇడ్లీ లాంటివి పెట్టొచ్చు. అణిగాక మెల్లగా మామూలు భోజనానికి వచ్చేయాలి. పేగు సన్నబడిన క్రోన్స్ రోగులు మాత్రం పీచు విషయంలో డాక్టరు మాట వినాలి. పాలు కొందరికి పడవు, పడనివాళ్లే మానాలి. పెరుగు పడితే హాయిగా తినొచ్చు. ఏం తిన్నప్పుడు ఏమైందో ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. మా ఆడపడుచు పుస్తకంలో 'గోంగూర - పర్వాలేదు, జీడిపప్పు పకోడీ - వద్దు బాబోయ్' అని ఉంది!

ఇనుము, కాల్షియం, విటమిన్ డి లోపం ఉంటే డాక్టరు మాత్రలిస్తారు. ఒళ్లు నొప్పులంటూ షాపులో నొప్పి బిళ్లలు కొని మింగొద్దు. వాటిలో కొన్ని జబ్బును మళ్లీ లేపుతాయి. పసరు మందులు, పేరులేని పొడులు మొదలుపెట్టి అసలు మందు ఆపొద్దు. సిగరెట్టు క్రోన్స్‌ను మరింత ముదరబెడుతుంది. ఈ సంగతి ఇంట్లో మగవాళ్లకు చెప్పండి.

పిల్లల సంగతి

'ఇలాంటి జబ్బుంటే పిల్లలు పుడతారా?' అన్నది చుట్టాల గుసగుస. జబ్బు అణిగి ఉన్నప్పుడు చాలామందికి మామూలుగానే గర్భం వస్తుంది. కనీసం మూడు నుంచి ఆరు నెలలు జబ్బు నెమ్మదిగా ఉన్నాక ప్రయత్నించమంటారు. గర్భం రాగానే భయపడి మందులు మానేయడం పెద్ద ప్రమాదం. జబ్బు లేస్తేనే తల్లికీ బిడ్డకీ ఎక్కువ ముప్పు. మెసలమైన్, అజాథయోప్రిన్ లాంటివి చాలామందికి కొనసాగిస్తారు. సల్ఫాసలజీన్ వాడేవాళ్లకి ఫోలిక్ యాసిడ్ ఎక్కువ ఇస్తారు. మెథోట్రెక్సేట్ మాత్రం గర్భిణులకు పనికిరాదు. అందుకే ముందుగానే పేగుల డాక్టరుకీ, ప్రసూతి డాక్టరుకీ ఇద్దరికీ చెప్పాలి. బిడ్డకు ఈ జబ్బు వచ్చే అవకాశం మిగతావాళ్ల కన్నా కొంత ఎక్కువైనా, చాలామంది పిల్లలకు రాదు.

మా ఆడపడుచుకి 2018లో పాప పుట్టింది. తొమ్మిది నెలలూ మాత్రలు వేసుకుంటూనే ఉంది.

ఎప్పుడు ఆలస్యం చేయకూడదు?

• రెండు మూడు వారాలు దాటినా విరేచనాలు తగ్గకపోతే, రక్తం ఒక్కసారి పడినా డాక్టరుకి చూపించండి.

• కారణం లేకుండా బరువు తగ్గినా, ఎన్ని ఐరన్ మాత్రలు వేసుకున్నా రక్తం పెరగకపోయినా 'నెలసరి వల్లే' అని సరిపెట్టుకోకండి.

• కడుపు బాధతోపాటు కీళ్లనొప్పులు, కళ్లు ఎర్రబడటం, మాటిమాటికీ నోటిపూత ఉంటే అవి కూడా చెప్పండి. ఈ జబ్బు పేగులతోనే ఆగదు.

• ఎదిగే పిల్లలు తోటివాళ్లకంటే పొట్టిగా, సన్నగా ఉండిపోతూ కడుపునొప్పి అంటుంటే బడి ఎగ్గొట్టే వేషమనుకోకండి.

• రోజుకి ఆరుసార్లకు మించి రక్తవిరేచనాలు, జ్వరం, గుండెదడ, కడుపు ఉబ్బరం ఉంటే తెల్లారేదాకా ఆగొద్దు. వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

• పెద్దపేగులో జబ్బు మొదలై ఎనిమిదేళ్లు దాటినవాళ్లు బాధ లేకపోయినా డాక్టరు చెప్పినప్పుడల్లా కొలనోస్కోపీ చేయించుకోవాలి. క్యాన్సర్ ముప్పును ముందే పసిగట్టడానికి అది అవసరం.

ఇంట్లోవాళ్లం చేయగలిగింది

ఈ జబ్బున్నవాళ్లు చూడ్డానికి బాగానే ఉంటారు. అందుకే 'పనికి ఒళ్లు వంగదు' అనే మాట త్వరగా వచ్చేస్తుంది. ఒంట్లో ఓపిక లేకపోవడం జబ్బులో భాగమే. పెళ్లికి పిలిస్తే రానన్నారంటే పొగరని కాదు, ఆ కల్యాణమండపంలో బాత్రూమ్ ఎక్కడుందోనన్న భయం కావచ్చు. మా ఆడపడుచు దూరం వెళ్లాలంటే బస్సెక్కదు, రైలే. అందులో బాత్రూమ్ ఉంటుంది కాబట్టి. సంచిలో ఒక జత బట్టలుంటాయి. ఎక్కడికెళ్లినా ముందు ఆ గది ఎటుందో చూసుకుని, ఆ తర్వాత పలకరింపులు మొదలుపెడుతుంది. ఆ మాత్రం వెసులుబాటు ఇస్తే ఆమె అందరిలాగే బడిలో పాఠాలు చెబుతుంది, పండక్కి పులిహోర కలుపుతుంది, నాతో గంటలకొద్దీ ఫోన్లో కబుర్లాడుతుంది.

మీ ఇంట్లో ఎవరైనా మాటిమాటికీ బాత్రూమ్‌కి వెళ్తూ, రోజురోజుకీ పాలిపోతూ 'ఏం లేదులే' అంటుంటే, వేడి చేసిందని సబ్జా గింజలు నానబెట్టే ముందు ఒక్క ప్రశ్న మీరే అడగండి: 'రక్తమేమైనా పడుతోందా అమ్మా?' వాళ్లు చెప్పలేని మాట మీరు అడగడమే సగం వైద్యం. మిగతా సగం డాక్టరు చూసుకుంటారు.